నమ్మకమైన పనివాడు రాజీనామా చేస్తే: ఆపడమా, సాగనంపడమా?

నవాగామ్, సూరత్: జట్టులో అందరికంటే నమ్మదగిన వ్యక్తి ఒకనాడు వచ్చి ‘వచ్చే నెల నుంచి పనికి రాను’ అని చెబుతాడు. పది మగ్గాల కార్ఖానా యజమానికైనా, పదివేల మంది ఉద్యోగుల సంస్థాధిపతికైనా, మంత్రివర్గాన్ని నడిపే ప్రధానికైనా ఆ క్షణం ఒకే విధమైన పరీక్ష పెడుతుంది. కోపగించుకోవాలా, జీతం పెంచి ఆపాలా, మౌనంగా అంగీకరించాలా అన్న ప్రశ్నలు ఒక్కసారిగా ముందు నిలుస్తాయి. వెళ్లేవాడి నిర్ణయం నాయకుడి చేతిలో ఉండదు. ఆ నిర్ణయానికి స్పందించే తీరు మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంటుంది. మిగిలినవారు ఆ సంస్థలో తమ భవిష్యత్తును అంచనా వేసుకునేది కూడా ఆ స్పందనను చూసే.

సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో దిండోలిని ఆనుకుని ఉన్న నవాగామ్, దానికి చేరువలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలు వలస కార్మికుల నివాసాలు. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే మరమగ్గాల పనికై ఈ నగరానికి చేరాయి. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోని ప్రాథమిక విద్యా సమితి నేటికీ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోందంటే ఇక్కడి తెలుగువారి సంఖ్యను ఊహించవచ్చు. ఇటువంటి చోట ఒక నిపుణుడైన పనివాడి నిష్క్రమణ కేవలం ఉద్యోగ వ్యవహారంగా మిగలదు. యజమానీ పనివాడూ ఒకే ఊరివారో, ఒకే కులానికి చెందినవారో, కొన్నిసార్లు వియ్యమందిన బంధువులో అయి ఉంటారు. మధ్యలో ఇచ్చిన అడ్వాన్సు, పెళ్లికి చేసిన సాయం, బడిలో చదివే పిల్లలు ఉంటారు. అందువలన రాజీనామాను ద్రోహంగా భావించే ప్రమాదం పెద్ద సంస్థలకంటే ఇక్కడే ఎక్కువ.

వెళ్లేది ఒక మనిషే, ఆగేవి అనేక పనులు

సిరిసిల్ల, సూరత్ వంటి కేంద్రాలలో తెలుగు నేతకారులు ‘సాంచా’ అని పిలిచే మరమగ్గం ఒక యంత్రమే. అయితే ఏ సాంచా ఏ నూలుకు మొరాయిస్తుందో, ఏ బీములో పోగులు తరచుగా తెగుతాయో, ఏ శబ్దం విన్నప్పుడు మగ్గం ఆపవలసి ఉంటుందో అనుభవజ్ఞుడికే తెలుస్తుంది. మగ్గాలను సరిచేసే మాస్టరు వెళ్లిపోతే మర్నాడు ఆ స్థానంలో మరొకరిని నిలపవచ్చు. ఆయన చేతికి తెలిసిన విషయాలు మాత్రం ఏ రిజిస్టరులోనూ కనిపించవు. సూరత్ మరమగ్గాల రంగంలో కూలి ఎక్కువగా నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. మగ్గం ఆగితే యజమానికే కాదు, దానిపై పనిచేసే కార్మికుడికీ ఆ పూట ఆదాయం పోతుంది. ఒక నిపుణుడి నిష్క్రమణ ఆ షెడ్డులోని ఇతర కుటుంబాలపై పడేది ఈ విధంగానే.

హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ కార్యాలయంలోనూ పరిస్థితి భిన్నం కాదు. పాత ప్రోగ్రాములో ఏ మార్పు ఎందుకు చేశారో గుర్తున్న ఇంజినీరు వెళ్లిపోతే మిగిలినవారు వారాల తరబడి తడుముకోవలసి వస్తుంది. కొవిడ్ అనంతరం ఈ సమస్య ప్రపంచమంతటా ఒక్కసారిగా ముందుకు వచ్చింది. అమెరికాలో 2021 నవంబరు ఒక్క నెలలోనే సుమారు 45 లక్షల మంది తమంతట తాముగా ఉద్యోగాలు వదిలారు. భారతదేశంలో 2022 జూన్ నాటికి, అంతకు ముందరి 12 నెలల లెక్కన, ఇన్ఫోసిస్‌లో స్వచ్ఛంద నిష్క్రమణల రేటు 28.4 శాతానికి చేరింది. ఆ తర్వాత ఆ వేగం తగ్గింది. అయినప్పటికీ ‘రాజీనామా అరుదైన ఘటన’ అనే భావన నాటితో తొలగిపోయింది. అరుదు కాని ఘటనకు ముందుగానే సిద్ధంగా ఉండటం నాయకుడి బాధ్యతలలో ఒకటి.

తొలి సంభాషణలో జరిగే మూడు పొరపాట్లు

మొదటి పొరపాటు ఉపకారాలను లెక్కపెట్టడం. ‘నిన్ను ఊరి నుంచి తెచ్చింది నేనే గదా, పని నేర్పింది నేనే గదా’ అనే మాట నవాగామ్ వంటి చోట సహజంగానే నోటికి వస్తుంది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ అది అవతలివాడిని ఆపదు. అతడు అంతకాలం చేసిన పనికి విలువ లేదని, అది కేవలం ఋణం తీర్చుకోవడమేనని చెప్పినట్లవుతుంది. ఏళ్ల బంధం ఆ ఒక్క వాక్యంతో చెడిపోయే అవకాశం ఉంది.

రెండవది తొందరపడి జీతం పెంచుతానని చెప్పడం. అలా చెప్పగానే వినేవారికి కలిగే తొలి సందేహం ఒక్కటే: ఇంత ఇవ్వగలిగినవారు నిన్నటి వరకు ఎందుకు ఇవ్వలేదు? పైగా మనిషి వెళ్తానన్నది డబ్బు కోసం కానప్పుడు ఆ ప్రతిపాదన అతడిని అర్థం చేసుకోలేదనే సంగతిని బయటపెడుతుంది. కొందరు ఆ పెంపుదలకు ఆగినా అసలు కారణం అలాగే మిగిలి ఉంటుంది. పక్క మగ్గంపై పనిచేసేవాడు మాత్రం ‘వెళ్తానంటేనే కూలి పెరుగుతుంది’ అనే పాఠం నేర్చుకుంటాడు.

మూడవది ముఖం చాటేయడం. రాజీనామా చెప్పిన నాటి నుంచి అతడితో మాటలు తగ్గించడం, ముఖ్యమైన పనుల నుంచి తప్పించడం, ఎదురుపడినా పలకరించకపోవడం చాలా కార్యాలయాలలో కనిపిస్తుంది. మిగిలిన రోజులు అందరికీ భారమవుతాయి. అప్పగింతలు సరిగా జరగవు.

ఈ మూడింటికీ భిన్నమైన మార్గం సులభమైనదే. కార్ఖానా రొదలో కాకుండా, పదిమంది ముందు కాకుండా, వేరుగా కూర్చోబెట్టి మాట్లాడాలి. ‘అన్నా, నిర్ణయం నీది. ఎందుకో చెబితే నాకు మేలు. ఇప్పుడే జవాబు చెప్పనక్కరలేదు, రేపు సాయంత్రం కూర్చుందాం’ అన్న మాటలు చాలు. బాధ కలిగితే బాధ కలిగిందని చెప్పడంలో తప్పు లేదు. ఆ బాధను అవతలివాడి నేరంగా మార్చకపోవడమే ముఖ్యం. ఒక రోజు గడువు ఇద్దరికీ ఉపయోగపడుతుంది. నాయకుడికి ఆవేశం తగ్గుతుంది, వెళ్లేవాడికి మాటలు కూడదీసుకునే వీలు కలుగుతుంది.

కారణం వినడం ఎందుకు ముఖ్యం

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో సంస్థ పట్ల అసంతృప్తి చెందిన మనిషికి ప్రధానంగా రెండు మార్గాలు ఉంటాయని విశ్లేషించారు. ఒకటి నోరు విప్పి చెప్పడం, రెండవది విడిచి వెళ్లడం. సంస్థపై అభిమానం ఉన్నవారు వెంటనే వెళ్లిపోరు, ముందుగా చెప్పి చూస్తారని ఆయన వివరించారు. ఈ దృష్టితో చూస్తే మంచి పనివాడి రాజీనామా తరచుగా అతడు గతంలో చెప్పిన మాటలకు కొనసాగింపు. పాడైన ఫ్యాను గురించి, రాత్రి పాళీ గురించి, దురుసుగా మాట్లాడే సూపర్‌వైజరు గురించి అతడు ఎప్పుడో ఒకప్పుడు చెప్పే ఉంటాడు. వినవలసినవారు వినలేదు. అందువలన ‘ఎందుకు వెళ్తున్నావు’ అనే ప్రశ్నతో పాటు ‘ఇంతకుముందు నాకు చెప్పాలనుకుని చెప్పలేకపోయినది ఏమైనా ఉందా’ అని అడగడం మేలు.

కారణాలు అన్నీ ఒకే కోవకు చెందవు. కొన్ని యజమాని సరిచేయగలిగినవి: కూలి రేటు, పని వేళలు, గౌరవం, ఎదుగుదలకు అవకాశం. కొన్ని ఆయన చేతిలో లేనివి: తల్లిదండ్రుల అనారోగ్యం, పిల్లల పై చదువు, స్వస్థలంపై మమకారం. సూరత్‌లోని తెలుగు నేతకారుల విషయంలో చివరి కారణానికి ప్రత్యేక బలముంది. 2017 అక్టోబరులో వరంగల్ సమీపంలోని గీసుకొండ వద్ద కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరత్, భీవండి, షోలాపూర్ వంటి ప్రాంతాలకు వలస వెళ్లిన నేతకారులు తిరిగి రావాలన్నది దాని లక్ష్యాలలో ఒకటిగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మగ్గాలకు పని తెచ్చిపెట్టింది. ఊళ్లో పని దొరుకుతుందన్న ఆశతో వెళ్లదలచిన మనిషిని మీటరుకు కొన్ని పైసలు పెంచి ఆపాలని చూడటం వృథా. అతడికి ఆ సమయంలో అవసరమైనది హిసాబు తేల్చి ఇవ్వడం, చేతనైతే అక్కడ తెలిసినవారికి ఒక మాట చెప్పడం.

ప్రధానులు ఎదుర్కొన్న రాజీనామాలు

ఎవరిని ఆపాలి, ఎవరిని సాగనంపాలి అనే విచక్షణకు దేశ రాజకీయ చరిత్రలో చక్కని ఉదాహరణలు ఉన్నాయి. వాటిలో ఒకటి తెలుగు నేలపైనే మొదలైంది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపంలో వంతెన కూలి ఘోర రైలు ప్రమాదం సంభవించింది. వందకు పైగా ప్రయాణికులు మరణించారు. నాటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా ఇవ్వగా ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానిని అంగీకరించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు వద్ద మరో పెద్ద ప్రమాదం జరిగింది. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ అంగీకరించారు. ప్రమాదానికి శాస్త్రి వ్యక్తిగతంగా కారకుడని కాదని, రాజ్యాంగ సంప్రదాయానికి ఒక ఆదర్శంగా నిలుస్తుందనే ఉద్దేశంతో అంగీకరిస్తున్నానని ఆయన లోక్‌సభలో స్పష్టం చేశారు. 1957 ఎన్నికల తర్వాత శాస్త్రి తిరిగి కేంద్ర మంత్రివర్గంలో చేరారు. 1964లో ప్రధాని అయ్యారు.

ఇందులో గమనించవలసిన అంశాలు రెండు. మొదటిసారి ఆపిన నాయకుడే రెండవసారి వెళ్లనిచ్చారు. మనిషి మనస్సాక్షి గట్టిగా నిర్ణయించుకున్న తర్వాత పదే పదే నిలువరించడం అతడిని అవమానించడమే అవుతుంది. రెండవది, అంగీకరించేటప్పుడు ఆయన నలుగురి ఎదుట ఏం చెప్పారన్నది. వెళ్లే మనిషి పేరుకు మచ్చ రాకుండా కారణాన్ని విడమరచి చెప్పడం వలననే శాస్త్రి పునరాగమనానికి ఎటువంటి అడ్డంకీ లేకపోయింది.

ఇదే విషయంలో తెలుగువాడైన ప్రధాని పి.వి.నరసింహారావు అనుభవం మరింత విస్తృతమైనది. 1992లో బయటపడిన షేర్ల కుంభకోణంపై సంయుక్త పార్లమెంటరీ సంఘం 1993 డిసెంబరులో నివేదిక సమర్పించింది. ఆర్థిక మంత్రిత్వ శాఖపై అందులో విమర్శలు ఉండటంతో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ రాజీనామాకు సిద్ధపడ్డారు. పి.వి. దానిని ఆమోదించలేదు. ఆర్థిక సంస్కరణలు సగంలో ఉన్న సమయమది. ఆ విధానాల బాధ్యత ప్రధానిగా తనదీ అయినప్పుడు భారమంతా ఒక్క మంత్రిపై వదిలివేయడం సమంజసం కాదు. మన్మోహన్ 1996లో ఆ ప్రభుత్వ పదవీకాలం ముగిసేవరకు అదే శాఖలో కొనసాగారు.

అదే పి.వి. మరో ఇద్దరి రాజీనామాలను అంగీకరించారు. ఫెయిర్‌గ్రోత్ సంస్థలో పెట్టుబడులపై వివాదం తలెత్తినప్పుడు పి.చిదంబరం 1992 జులైలో పదవి వీడారు. అద్దెకు తీసుకున్న విదేశీ విమానం 1993 జనవరిలో ఢిల్లీలో ప్రమాదానికి గురైనప్పుడు పౌర విమానయాన మంత్రి మాధవరావ్ సింధియా నైతిక బాధ్యతతో తప్పుకొన్నారు. ఇద్దరినీ 1995లో పి.వి. తిరిగి మంత్రివర్గంలోకి తీసుకున్నారు. చిదంబరం వాణిజ్య శాఖను, సింధియా మానవ వనరుల శాఖను చేపట్టారు. మరుసటి ఏడాదే ఇద్దరూ వేర్వేరు కారణాలతో కాంగ్రెస్‌ను వీడిన మాట వాస్తవం. అంటే తిరిగి పిలవడం వలన మనిషి శాశ్వతంగా నిలిచిపోతాడనే హామీ లేదు. అయినా ఆ మధ్యకాలంలో ఇద్దరి సామర్థ్యమూ ప్రభుత్వానికి ఉపయోగపడింది.

రాజకీయాల లెక్కలు వేరు, కార్ఖానా లెక్కలు వేరు. అయినప్పటికీ ఈ ఘటనల నుంచి తీసుకోదగిన కొలమానం ఒకటుంది. రాజీనామాకు కారణమైన భారం నిజానికి నాయకుడు మోయవలసినదైతే, ఆ భారాన్ని తాను స్వీకరించి మనిషిని ఆపాలి. ఒక కార్ఖానాలో నాసిరకం నూలు కొన్నది యజమాని అయి, బట్టలో లోపాలకు మాటలు పడుతున్నది మాస్టరు అయితే, ఆ మాస్టరు వెళ్తానన్నప్పుడు జీతం పెంచడం పరిష్కారం కాదు. తప్పు ఎవరిదో అందరి ముందు ఒప్పుకోవడమే పరిష్కారం. కారణం వెళ్లే మనిషి జీవితానికి, ఆత్మగౌరవానికి సంబంధించినదైతే గౌరవంగా సాగనంపాలి.

చట్టం ఏం చెబుతుంది

మర్యాదగా మాట్లాడి, రావలసిన డబ్బు విషయంలో తిప్పించుకుంటే ఆ మర్యాదకు అర్థం ఉండదు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి చెల్లించవలసిన వేతనాన్ని రెండు పనిదినాలలోగా ఇవ్వాలి. ‘వచ్చే నెల హిసాబులో చూద్దాం’ అనే అలవాటుకు ఇక చోటు లేదు.

పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలలో అయిదేళ్లు నిరంతరంగా పనిచేసినవారికి రాజీనామా చేసినా గ్రాట్యుటీ హక్కు ఉంటుంది. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకు 26 రోజులుగా భావించి దీనిని లెక్కిస్తారు. ఉదాహరణకు లెక్కకు వచ్చే నెల వేతనం 20,000 రూపాయలు ఉన్న మనిషి 8 ఏళ్లు పనిచేస్తే అతడికి సుమారు 92,300 రూపాయలు రావాలి. చెల్లింపునకు 30 రోజుల గడువు ఉంది. భవిష్య నిధి పరిధిలోకి వచ్చే సంస్థ అయితే ఉద్యోగి నిష్క్రమణ తేదీని సకాలంలో నమోదు చేయాలి. అది జరగకపోతే కొత్త యజమాని వద్దకు ఖాతా బదిలీలో చిక్కులు వస్తాయి.

‘పక్క కార్ఖానాలో చేరకూడదు’ అనే షరతు పెట్టవచ్చా అన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి తన వృత్తిని కొనసాగించకుండా నిరోధించే ఒప్పందం సాధారణంగా చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతులు వేరు. నిర్ణీత కాలం పనిచేయాలని, ముందుగా వెళ్తే నిర్దిష్ట మొత్తం చెల్లించాలని కోరే షరతు ఎల్లవేళలా చెల్లదని కూడా చెప్పలేం. మూడేళ్లలోపు వెళ్తే 2 లక్షల రూపాయలు చెల్లించాలని విజయా బ్యాంకు విధించిన షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది.

అడ్వాన్సుల విషయం మరింత సున్నితమైనది. మరమగ్గాల రంగంలో పండుగకో, పెళ్లికో ముందుగా డబ్బు తీసుకోవడం సర్వసాధారణం. బాకీని తిరిగి కోరే హక్కు ఇచ్చినవారికి ఉంటుంది. అయితే ఆ బాకీ సాకుగా మనిషి కదలకుండా, మరొక చోట పని వెతుక్కోకుండా నిర్బంధిస్తే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం పరిధిలోకి రావచ్చు. బాకీ ఎంతో కాగితంపై రాసి, వాయిదాలు నిర్ణయించుకుని, ఇద్దరూ సంతకాలు చేసుకోవడం అన్ని విధాలా క్షేమకరం.

పని చేతులు మారే రోజులు

రాజీనామాకు, చివరి రోజుకు మధ్యనున్న సమయాన్ని చాలామంది వ్యర్థం చేస్తారు. నిజానికి సంస్థకు అత్యంత విలువైన రోజులు అవే. వెళ్లేవారిని ‘అన్నీ రాసిపెట్టి వెళ్లు’ అని ఆదేశించడం కంటే, తర్వాత బాధ్యత చేపట్టేవారిని పక్కన నిలిపి పని చేయించడం ఫలితమిస్తుంది. మగ్గం మరమ్మతు వంటి చేతిపని మాటలకంటే చూపుతోనే వస్తుంది. ఏ యంత్రం లక్షణం ఏమిటి, ఏ వ్యాపారి ఏ తేదీకి డబ్బు ఇస్తాడు, ఏ విడిభాగం ఏ దుకాణంలో దొరుకుతుంది వంటి వివరాలు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కితే చాలు. ఈ పనికి ప్రత్యేకంగా కూలి కట్టి ఇవ్వడం ధర్మం. మీటరు లెక్కన సంపాదించేవాడు ఇతరులకు నేర్పే గంటలలో తన ఆదాయాన్ని కోల్పోతాడు.

కీలక వ్యక్తి వెళ్లినా పని నిలవడం ఎలాగో సూరత్ నగరమే చూపింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ నగరాన్ని విడిచిపోయారు. మరుసటి ఏడాది నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.రావు నగర స్వరూపాన్ని మార్చారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఆర్థిక, పాలనా అధికారాలను మండల అధికారులకు అప్పగించారు. అధికారులు ప్రతిరోజూ వీధులలోకి వెళ్లి చూడాలనే నియమం పెట్టారు. కొన్నేళ్లకు ఆయన బదిలీపై వెళ్లారు. అధికారాలు ఒక్కరి వద్దనే ఉండకపోవడం వలన ఆ పద్ధతి కొనసాగగలిగింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకుంది. ఒక్క మనిషి వెళ్తే అంతా ఆగిపోతుందని భయపడే యజమాని తన కార్ఖానాలో ఎన్ని తాళంచెవులు ఒకే చేతిలో ఉన్నాయో ముందుగానే చూసుకోవాలి.

మిగిలినవారికి ఏం చెప్పాలి

నవాగామ్ వంటి బస్తీలో ఏ వార్తా దాగదు. యజమాని చెప్పకముందే టీ కొట్టు వద్ద నాలుగు కథలు పుడతాయి. కనుక విషయం ఖరారు కాగానే వెళ్లేవారి అనుమతితో, వారి సమక్షంలోనే అందరికీ చెప్పడం మంచిది. ఎప్పుడు వెళ్తున్నారు, పని ఎవరు చూస్తారు, అదనపు భారం ఎంతకాలం ఉంటుంది, దానికి అదనపు కూలి ఉంటుందా అనే నాలుగు విషయాలు తేటగా చెబితే సందేహాలు తగ్గుతాయి. వ్యక్తిగత కారణాలు బయటపెట్టవలసిన అవసరం లేదు.

ఆ తర్వాత మిగిలినవారితో ఒక్కొక్కరితో మాట్లాడాలి. వెళ్లినవాడు చెప్పిన లోపం నిజమైతే అది వారినీ బాధిస్తూనే ఉంటుంది. రాజీనామా ద్వారా తెలిసిన ఆ లోపాన్ని సరిచేస్తే తదుపరి రాజీనామా ఆగవచ్చు. వెళ్లినవారి గురించి వెనుక చులకనగా మాట్లాడే యజమాని, రేపు తమ గురించీ అలాగే మాట్లాడతాడని వినేవారికి తెలుసు.

తిరిగి వచ్చే దారి

2020 లాక్‌డౌన్ సమయంలో సూరత్ నుంచి వలస కార్మికులు పెద్ద సంఖ్యలో సొంత ఊళ్లకు తరలిపోయారు. పరిశ్రమ మళ్లీ తెరుచుకున్నప్పుడు కార్మికుల కొరత తీవ్రమైంది. అటువంటి వేళ యజమాని చేసే ఫోనుకు అవతలివైపు నుంచి వచ్చే జవాబు, ఆ మనిషిని చివరిసారి ఎలా పంపించారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. బాకీ పెట్టి, మాట అని పంపిన చోటికి ఎవరూ మనస్ఫూర్తిగా తిరిగి రారు. అతడు రాకపోవడమే కాదు, ఊళ్లో కొత్తగా బయలుదేరే కుర్రవాళ్లకూ ఆ కార్ఖానా పేరు చెప్పడు.

పెద్ద సంస్థలు మాజీ ఉద్యోగుల కోసం ప్రత్యేక విభాగాలు నడుపుతాయి. చిన్న కార్ఖానాకు అంత అవసరం లేదు. చివరి రోజున హిసాబు కాగితం, గడువులోగా పూర్తి డబ్బు, పని అనుభవాన్ని తెలిపే ధ్రువపత్రం ఇవ్వాలి. పండుగనాడు ఒక ఫోను చేయాలి. తిరిగి వస్తానంటే చోటు ఉందో లేదో నిజాయితీగా చెప్పాలి. ఆ మాటలు చెప్పవలసినది గుమస్తా కాదు, స్వయంగా యజమానే.